ఎల్‌ఎల్‌.ఎం. డిజర్టేషన్: మార్గదర్శనం, మూల్యాంకనం

న్యాయశాస్త్రంలో స్నాతకోత్తర పట్టా కోసం విద్యార్థి ఒక అధ్యాపకుడి పర్యవేక్షణలో రాసే పరిశోధన గ్రంథాన్ని ఎల్‌ఎల్‌.ఎం. డిజర్టేషన్ అంటారు. మిగతా పేపర్లన్నీ విద్యార్థికి ఎంత చట్టం తెలుసో అడుగుతాయి. తెలిసిన చట్టంతో ఏమి తేల్చగలడో అడిగేది ఇదొక్కటే. అంశం ఎంపికతో మొదలై సినాప్సిస్ ఆమోదం, అధ్యాయాల రచన, గైడ్ ధ్రువీకరణ, సమర్పణ, పరీక్షకుల మూల్యాంకనం, వైవా వరకు ఈ పని సాగుతుంది. దశల పేర్లు దేశంలోని విశ్వవిద్యాలయాలన్నింటిలో దాదాపు ఒకటే. వాటికి దక్కే సమయం, మార్కులు, శ్రద్ధ మాత్రం సంస్థ సంస్థకీ మారిపోతాయి. ఈ వ్యాసం ప్రధానంగా భారతీయ పద్ధతిని, అందులోనూ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని విద్యార్థులకు, గైడ్‌లకు తరచుగా ఎదురయ్యే ప్రశ్నలను వివరిస్తుంది.

నేపథ్యం

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడ్డాయి. పాఠం చెప్పేది కళాశాల, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. బోధించినవారి చేతిలోనే మార్కులన్నీ ఉండకూడదన్న నమ్మకం మన దగ్గర ఇంత గట్టిగా పాతుకుపోవడానికి ఆ ఏర్పాటే మూలం. బయటి పరీక్షకుడిని పిలిచే ఆనవాయితీ ఇంకా పాతది. 1832లో ఏర్పడిన ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయం తన పరీక్షలకు ఆక్స్‌ఫర్డ్ నుంచి పరీక్షకులను రప్పించుకునేది. వైవా దగ్గర పడుతుండగా మన ఎల్‌ఎల్‌.ఎం. విద్యార్థులు "ఎక్స్‌టర్నల్ ఎవరొస్తున్నారు?" అని ఆరా తీస్తారంటే దాని వెనుక ఇంత చరిత్ర ఉంది.

న్యాయ పరిశోధన ఒక ప్రత్యేక విద్యగా మన దేశంలో నిలదొక్కుకోవడంలో 1956లో ఢిల్లీలో స్థాపించిన ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ పాత్ర పెద్దది. 1970లలో ఎస్.ఎన్. జైన్ ఆ సంస్థ పత్రికలో పరిశోధన పద్ధతులపై రాసిన వ్యాసాలు చాలాకాలం ఎల్‌ఎల్‌.ఎం. తరగతులకు పాఠ్యసామగ్రి అయ్యాయి. చట్టాన్ని సమాజంలో దాని నడక ద్వారా చదవాలని ఉపేంద్ర బక్షీ అదే కాలంలో వాదించారు. 2001 నాటి యూజీసీ నమూనా పాఠ్యప్రణాళిక డిజర్టేషన్‌కు తోడుగా సిద్ధాంత పరిశోధన, క్షేత్ర పరిశోధన, న్యాయసహాయ శిక్షణ, బోధనలలో ప్రాక్టికల్స్ కూడా ఉండాలంది. ఎల్‌ఎల్‌.ఎం. చదివినవారిలో చాలామంది లా కళాశాలల్లో అధ్యాపకులవుతారన్న ఎరుక అందులో కనిపిస్తుంది.

2012లో యూజీసీ ఏడాది ఎల్‌ఎల్‌.ఎం.కు మార్గదర్శకాలు ఇచ్చింది. మొత్తం 24 క్రెడిట్లు. మూడు తప్పనిసరి పేపర్లు, ఆరు ఐచ్ఛిక పేపర్లు, వాటితోపాటు డిజర్టేషన్. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు ఈ దారి పట్టాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెండేళ్ల కోర్సులు కొనసాగాయి. ఎల్‌ఎల్‌.ఎం. రెండేళ్లే ఉండాలంటూ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2020 నాటి నిబంధనలను 2021 జనవరిలో ప్రకటించింది. అవి సుప్రీంకోర్టులో సవాలుకు గురయ్యాయి. 2021-22 విద్యా సంవత్సరంలో అమలు చేయబోమని బార్ కౌన్సిల్ కోర్టుకు తెలిపింది. ఆ వాదప్రతివాదాలు అధికారం ఎవరిదన్న ప్రశ్న చుట్టూ తిరిగాయి. డిజర్టేషన్ వైపు నుంచి చూస్తే అసలు ప్రశ్న సమయం. తొమ్మిది పేపర్లతోపాటు ఏడాదిలో ముగించాల్సిన పరిశోధనకు, నాలుగో సెమిస్టరు మొత్తం చేతికొచ్చిన పరిశోధనకు ఒకే కొలత పెట్టడం న్యాయం కాదు. చాలా విశ్వవిద్యాలయాల మూల్యాంకన పత్రాలు ఈ తేడాను గుర్తించవు.

అంశం నుంచి ప్రశ్నకు

డిజర్టేషన్ చెడిపోయేది ఎక్కువగా మొదట్లోనే. "భారతదేశంలో గిరిజన భూముల పరిరక్షణ: ఒక విమర్శనాత్మక అధ్యయనం" అన్న శీర్షిక పట్టుకుని విద్యార్థి వస్తాడు. అంశం మంచిదే, కానీ అందులో ప్రశ్న లేదు. ఇలాగే ఆమోదిస్తే మొదటి అధ్యాయం బ్రిటిష్ కాలపు చరిత్ర, రెండోది రాజ్యాంగ అధికరణలు, మూడోది అంతర్జాతీయ ఒడంబడికలు, నాలుగోది తీర్పుల సంక్షిప్తాలు, చివర "ప్రభుత్వం చిత్తశుద్ధితో అమలు చేయాలి" అన్న సూచనలు. వందల పేజీలు నిండుతాయి, ఏదీ తేలదు.

గైడ్ చేయాల్సిన మొదటి పని ఆ అంశాన్ని ఒక ప్రశ్న దగ్గరకు తేవడం. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన 1959లో వచ్చింది, 1963లో తెలంగాణ ప్రాంతానికి విస్తరించింది. దానికి 1970లో చేసిన సవరణనే జనం 1/70 చట్టం అంటారు. ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే చేతులు మారిందని ఆ చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత గిరిజనేతరుడిది. పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1988లో ఈ సవరణను సమర్థించింది. విశాఖ మన్యంలో బొర్రా పరిసరాల గనుల లీజులపై వచ్చిన సమతా కేసులో 1997 జూలై 11న ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీ ఇంకో అడుగు ముందుకు వేసింది. షెడ్యూల్డు ప్రాంతంలోని సర్కారు భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వడం కూడా చెల్లదంది. మూడో న్యాయమూర్తి విభేదించారు. ఇంతవరకు విద్యార్థికి పరిచయమయ్యాక గైడ్ అడగాల్సింది ఇది: రుజువు బాధ్యత గిరిజనేతరుడిదే అన్న సూత్రాన్ని సమతా తర్వాత హైకోర్టు ఎలాంటి పత్రాల ముందు సడలించింది, ఎలాంటి పత్రాల ముందు సడలించలేదు? ఈ ప్రశ్నకు హద్దులున్నాయి. వెతకాల్సిన తీర్పులు లెక్కకు అందుతాయి. జవాబు ఏదైనా కావచ్చు, కనుక వెతకడానికి అర్థముంది.

సినాప్సిస్ అన్నది ఈ కుదింపునకు రాతపూర్వక రూపం. అందులో పరికల్పన తప్పనిసరిగా ఉండాలని చాలా విభాగాలు పట్టుబడతాయి. తీర్పుల అన్వయం మీద సాగే పరిశోధనకు పరికల్పన కన్నా సూటి ప్రశ్నే ఎక్కువ ఉపయోగం. బలవంతంగా పెట్టించిన పరికల్పన "చట్టాలు తగినంతగా లేవు" అనే వాక్యమై కూర్చుంటుంది, చివరి అధ్యాయం దాన్ని "నిజమని తేలింది" అంటుంది.

పద్ధతి గురించి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. కెనడాలో 1983 నాటి ఆర్థర్స్ నివేదిక, ఆస్ట్రేలియాలో 1987 నాటి పియర్స్ నివేదిక న్యాయ పరిశోధనను రకాలుగా విడదీసి చూశాయి. ఉన్న చట్టాన్ని క్రమబద్ధంగా విప్పి చెప్పేది ఒకటి. చట్టం ఎలా మారాలో చెప్పేది ఒకటి. చట్టం వెనుకనున్న సిద్ధాంతాన్ని పరిశీలించేది మరొకటి. మన తరగతుల్లో డాక్ట్రినల్, నాన్-డాక్ట్రినల్ అన్న రెండే గదులున్నాయి. రెండోది గొప్పదన్న అభిప్రాయం కూడా ప్రబలింది. ఫలితంగా తీర్పులతోనే తేలే ప్రశ్నకు సైతం వందమంది లాయర్లకు అవును-కాదు ప్రశ్నావళి పంచి, రంగురంగుల పై చార్టులు అతికించడం జరుగుతోంది. ఆ వందమందిని ఎలా ఎంచుకున్నారన్న ప్రశ్నకు సమాధానం లేనప్పుడు గైడ్ ఆ అధ్యాయాన్ని తీసేయమనాలి.

క్షేత్ర పరిశోధన నిజంగా అవసరమైన చోట దానికి తగిన ఏర్పాటు కావాలి. స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టుల్లోని భూ కేసుల సంఖ్య కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. జవాబుకు చట్టం ఇచ్చిన గడువే 30 రోజులు. అది రాకపోతే మొదటి అప్పీలుకు ఇంకొన్ని వారాలు. ఏడాది కోర్సులో ఇది మొదటి నెలలోనే మొదలవకపోతే పనికిరాదు. మాట్లాడినవారి సమ్మతిని కాగితం మీద తీసుకోవాలి. చదువు రానివారికి దాన్ని తెలుగులోనో వారి భాషలోనో చదివి వినిపించాలి. లైంగిక నేరాలపై రాసేవారు బాధితుల ఆనవాళ్లు బయటపడకుండా చూడటం మర్యాద మాత్రమే కాదు, భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను, పోక్సో చట్టం విధించిన బాధ్యత కూడా. కోర్టు రికార్డులో పేరు ఉన్నంతమాత్రాన డిజర్టేషన్‌లోకి అది రాకూడదు.

గైడ్ పని

పీహెచ్‌డీ విషయంలో 2022 యూజీసీ నిబంధనలు ఒక ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదన్నాయి. ఎల్‌ఎల్‌.ఎం. విద్యార్థుల పంపకం విభాగంలో ఎంతమంది అధ్యాపకులున్నారన్న దాన్నిబట్టి నడుస్తుంది. ఖాళీలు భర్తీ కాని చోట రాజ్యాంగ చట్టం బోధించే అధ్యాపకుడు మేధోహక్కుల మీద, క్రిమినల్ లా అధ్యాపకుడు కంపెనీ చట్టం మీద గైడ్ కావలసి వస్తుంది. అలాంటప్పుడు కూడా గైడ్ చేయగలిగిన పని చాలా ఉంది: వాదన నిలుస్తోందా, ఉటంకించిన ఆధారం విద్యార్థి చెప్పిన మాటనే నిజంగా చెబుతోందా, అధ్యాయానికి అధ్యాయానికి లంకె ఉందా అని చూడటానికి ఆ రంగంలో నిపుణుడే అయి ఉండనక్కరలేదు.

మార్గదర్శనంలో అన్నిటికన్నా విలువైనది చదవడం. చిత్తుప్రతి అధ్యాయాన్ని చివరిదాకా చదివి, మార్జిన్‌లో ప్రశ్నలు రాసి, రెండు వారాల్లోగా తిరిగి ఇచ్చే గైడ్ విద్యార్థికి చేసే మేలు మరే సదుపాయమూ చేయలేదు. ఈ పని దేశంలో చాలాచోట్ల జరగడం లేదు. సబ్మిషన్ తేదీకి వారం ముందు మొత్తం గ్రంథం ఒకేసారి గైడ్ బల్ల మీదకు వస్తుంది, ధ్రువపత్రం మీద సంతకం పడుతుంది, బౌండ్ కాపీలు బైండింగ్ షాపు నుంచి నేరుగా పరీక్షల విభాగానికి వెళతాయి. ఈ అలవాటుకు విద్యార్థి, గైడ్ ఇద్దరూ బాధ్యులే. అయితే దాన్ని ఆపగలిగింది విభాగం. అధ్యాయానికో గడువు పెట్టి, గైడ్‌ను కలిసిన ప్రతిసారీ చర్చించినదాన్ని రెండు వాక్యాల్లో నమోదు చేయించే విభాగాల్లో పరిస్థితి మెరుగు. రేపు మార్కుల మీద తగువు వచ్చినా ఆ నమోదే ఇద్దరికీ రక్ష.

న్యాయ పరిశోధనలో గైడ్ ప్రత్యేకంగా కాపలా కాయవలసిన విషయం ఒకటుంది: చట్టం విద్యార్థి రాస్తుండగానే మారిపోతుంది. షెడ్యూల్డు కులాల వర్గీకరణ చెల్లదన్న ఇ.వి. చిన్నయ్య వర్సెస్ ఆంధ్రప్రదేశ్ తీర్పు 2004 నుంచి ఎన్నో డిజర్టేషన్లకు వెన్నెముకగా నిలిచింది. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6:1 మెజారిటీతో దాన్ని తోసిపుచ్చింది. ఆ వేసవిలో వర్గీకరణపై రాసుకున్న అధ్యాయాన్ని శరదృతువులో అలాగే సమర్పించడం కుదరదు. అదే ఏడాది జూలై 1న భారతీయ శిక్షాస్మృతి, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టాల స్థానంలో మూడు కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. సెక్షన్ల సంఖ్యలు మార్చేస్తే సరిపోదు. పాత సెక్షను కింద వచ్చిన తీర్పు కొత్త సెక్షను మాటలకు ఎంతవరకు వర్తిస్తుందో విద్యార్థి వాదించి చూపాలి. ముందుమాటలోనే "ఫలానా తేదీ నాటికి అమల్లో ఉన్న చట్టం" అని ఒక గీత గీయడం మంచి పద్ధతి. గైడ్ అడిగితేనే విద్యార్థి గీస్తాడు.

సాయం ఎక్కడ ఆగాలన్నదీ ముఖ్యమే. నిర్మాణం సూచించవచ్చు, వదిలేసిన తీర్పును గుర్తుచేయవచ్చు, వాదనలోని చిల్లును చూపవచ్చు. పేరాలు తిరగరాసిపెట్టడం మొదలైతే మార్కులు ఎవరికి వేస్తున్నామో తెలియకుండా పోతుంది. ఆంగ్ల మాధ్యమం అలవాటు లేకుండా జిల్లా కళాశాలల నుంచి వచ్చిన విద్యార్థుల దగ్గర ఈ ప్రలోభం ఎక్కువ. వారికి కావలసింది వాక్యాలు దిద్దిపెట్టడం కన్నా, పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీని ఎందుకలా దిద్దాలో చెప్పి మిగతా పేజీలు వారిచేతే దిద్దించడం.

ఉటంకింపులు

అమెరికాలో 1926 నుంచి బ్లూబుక్, బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ రూపొందించిన ఆస్కోలా, మన దగ్గర ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ పద్ధతి వాడుకలో ఉన్నాయి. ఏది వాడినా ఒకటే వాడాలి. సుప్రీంకోర్టు 2023 నుంచి తన తీర్పులకు సొంత తటస్థ సంఖ్యలు ఇస్తోంది కనుక ఏఐఆర్, ఎస్‌సీసీ సంపుటాలు అందుబాటులో లేని విద్యార్థికి కూడా సరైన ఉటంకింపు సాధ్యమవుతోంది. కామాలు, ఇటాలిక్ అక్షరాల మీద మార్కులు తెగ్గోసే పరీక్షకులున్నారు. ఉటంకించిన పేజీలో ఆ మాట నిజంగా ఉందా అని నాలుగు చోట్ల తీసి చూడటం అంతకన్నా ఎన్నో రెట్లు ఉపయోగం.

పోలిక శాతం, గ్రంథచౌర్యం

2018 జూలైలో వెలువడిన యూజీసీ నిబంధనలు ఎల్‌ఎల్‌.ఎం. డిజర్టేషన్‌కు కూడా వర్తిస్తాయి. టర్మ్ పేపర్లు, అసైన్‌మెంట్లు వాటి పరిధిలోకి రావు. పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 వరకు ఉంటే ఏడాదిపాటు సమర్పించే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. విద్యార్థి ప్రకటన ఇవ్వాలి, గైడ్ ధ్రువపత్రం ఇవ్వాలి.

న్యాయశాస్త్రంలో ఈ సంఖ్యలను గుడ్డిగా చదవకూడదు. చట్టపు పాఠం, కొటేషన్ గుర్తుల్లో ఆధారంతో ఇచ్చిన భాగాలు, గ్రంథసూచి, వరుసగా 14 పదాల వరకు కాకతాళీయంగా కలిసే మాటలు లెక్కలోకి రావని నిబంధనలే చెబుతున్నాయి. సాఫ్ట్‌వేర్ ఆ మినహాయింపులన్నీ తనంతట తాను పాటించదు. రాజ్యాంగ అధికరణను యథాతథంగా ఇచ్చిన నిజాయితీపరుడికి 22 శాతం రావచ్చు. వేరొకరి వ్యాసంలోని వాదనంతా మాటలు మార్చి ఎత్తుకున్నవాడికి 4 శాతమే రావచ్చు. నివేదికను తెరిచి, రంగు వేసిన ప్రతి భాగాన్ని చూసి నిర్ణయించాల్సింది మనిషే. శాతం ఉన్న మొదటి పేజీని మాత్రమే జతచేయించుకోవడం రెండో విద్యార్థిని కాపాడి మొదటివాడిని శిక్షిస్తుంది.

ఇక్కడ విద్యార్థుల్లో తరచుగా ఒక గందరగోళం ఉంటుంది. తీర్పుల పాఠం అందరిదీ. ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డి.బి. మోదక్ కేసులో సుప్రీంకోర్టు కాపీరైట్‌ను లా రిపోర్టు సంపాదకులు స్వయంగా జోడించిన కొన్ని అంశాలకే పరిమితం చేసింది. కనుక తీర్పును ఎంతైనా తీసుకోవచ్చని అనుకుంటారు. కాపీరైట్ ఉల్లంఘన కాని పని గ్రంథచౌర్యం కావచ్చు. న్యాయమూర్తి చేసిన విశ్లేషణను తన విశ్లేషణగా చూపించడం ఈ రంగంలో అతి సాధారణమైన, అతి తక్కువగా పట్టుబడే దొంగతనం.

కృత్రిమ మేధ ఈ సమస్యను ఇంకా కష్టం చేసింది. 2023లో న్యూయార్క్‌లోని మాటా వర్సెస్ అవియాంకా కేసులో చాట్‌జీపీటీ అల్లిన లేని తీర్పులను కోర్టు ముందుంచిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది. డిజర్టేషన్‌లో అదే జరిగితే పట్టుకోవడం సులువు: ఆ తీర్పు ప్రతి తెమ్మనడమే. రచన యంత్రానిదా మనిషిదా అన్న అనుమానం తీర్చుకోవడం అంత సులువు కాదు. 2024లో హర్యానాలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయపు ఎల్‌ఎల్‌.ఎం. విద్యార్థి, తన జవాబును కృత్రిమ మేధ రాసిందంటూ ఫెయిల్ చేశారని పంజాబ్ హర్యానా హైకోర్టుకు వెళ్లాడు. విశ్వవిద్యాలయం తన నిర్ణయాన్ని మార్చుకోవడంతో కేసు ముగిసింది. గుర్తింపు సాఫ్ట్‌వేర్ ఇచ్చే శాతాన్ని ఏకైక సాక్ష్యంగా తీసుకోకూడదు. నోట్సు, చిత్తుప్రతులు, గైడ్‌తో జరిగిన చర్చల నమోదు, చివరగా వైవా: ఇవే నమ్మదగిన రుజువులు.

మూల్యాంకనం

బ్రిటన్‌లో ఎల్‌ఎల్‌.ఎం.కు సాధారణంగా 180 క్రెడిట్లు. డిజర్టేషన్ రాయాల్సిన చోట అందులో 60 వరకు దానివే కావచ్చు. 50 మార్కులు ఉత్తీర్ణత, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. రెండో పరీక్షకుడు చూస్తాడు, బయటి పరీక్షకుడు మొత్తం మార్కుల తీరును పరిశీలిస్తాడు, వైవా మామూలుగా ఉండదు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో బయటి పరీక్షకుడు స్వయంగా గ్రంథానికి, వైవాకు మార్కులు వేస్తాడు. గైడ్ కూడా బల్లకు ఇటువైపే కూర్చుంటాడు.

ఈ చివరి ఏర్పాటు మీద ఆలోచన అవసరం. విద్యార్థి ఎక్కడి నుంచి బయలుదేరి ఎక్కడికి వచ్చాడో గైడ్‌కే తెలుసు, ఆ రచన అతనిదేనని సాక్ష్యం చెప్పగలిగిందీ గైడే. మరోవైపు తన సలహాతో రూపొందిన గ్రంథాన్ని తానే తూచడంలో మమకారం కలుస్తుంది. ఇద్దరూ విడివిడిగా, ఒకరి మార్కు మరొకరికి తెలియకుండా, కారణాలు రాసి మార్కులు వేసి, తేడా ఎక్కువైతే మూడోవారికి పంపడం రెండు ప్రమాదాలనూ తగ్గిస్తుంది.

దేనికి మార్కులు వేయాలన్నదానిపై పరీక్షకుల మధ్య ఉన్న ఏకాభిప్రాయం పైకి కనిపించేంత కాదు. ప్రశ్న స్పష్టత, ఆధారాల సమగ్రత, విశ్లేషణ, భాష, ఉటంకింపు అని పట్టికలో గళ్లుంటాయి. అన్నిటికీ సమానంగా 20 చొప్పున పంచితే శుభ్రంగా టైపు చేసిన సారాంశ సంకలనం 65 మార్కులు తెచ్చుకుంటుంది. విశ్లేషణకు మిగతావాటికన్నా బరువెక్కువ ఉండాలి. దాన్ని తూచే మార్గమూ ఉంది. విద్యార్థి తనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్పును ఎలా ఎదుర్కొన్నాడో చూడాలి. సమతా తీర్పును పొగిడే డిజర్టేషన్ అందులోని విభేద తీర్పుకు ఒక్క పేజీ అయినా ఇచ్చిందా? తీర్పులో కట్టుబడాల్సిన భాగమేదో, న్యాయమూర్తి దారిలో అన్న మాటేదో విడదీసిందా? చివరి అధ్యాయంలోని సూచన ముందు అధ్యాయాల నుంచి వచ్చిందా, పైనుంచి ఊడిపడిందా? పేజీల సంఖ్య దీనికి ఆనవాలు కాదు. గరిష్ఠ పరిమితి పెట్టి దాన్ని పాటించిన విభాగాల్లో విద్యార్థులు మెరుగ్గా రాస్తారు.

వైవా వీటన్నిటినీ పరీక్షించే చోటు. "మీ అంశం గురించి చెప్పండి" అన్న ప్రశ్నకు ముందే కంఠస్థం చేసిన జవాబు ఉంటుంది. "63వ పేజీలో ఈ తీర్పును వాడారు, ఇందులో వాస్తవాలు వేరుగా ఉంటే ఫలితం మారేదా?" అని అడిగితే రాసినవారెవరో అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. అలా అడగాలంటే పరీక్షకుడు ముందే గ్రంథాన్ని చదివి ఉండాలి. ఒకే పూట ముప్పైమందికి వైవా పెట్టే విభాగం ఆయనకు ఆ అవకాశం ఇవ్వదు.

మార్కులపై వివాదాలు

విద్యా నిపుణుల మూల్యాంకనంలో తలదూర్చడానికి మన కోర్టులు ఇష్టపడవు. పరితోష్ భూపేష్ కుమార్ సేఠ్ కేసులో 1984లో సుప్రీంకోర్టు పునర్మూల్యాంకనానికి అవకాశమివ్వని బోర్డు నిబంధనను సమర్థించింది. నిబంధనల్లో లేనప్పుడు పునర్మూల్యాంకనాన్ని హక్కుగా కోరలేరని 2010లో హిమాచల్ ప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో మళ్లీ చెప్పింది. అయితే 2011లో సీబీఎస్‌ఈ వర్సెస్ ఆదిత్య బందోపాధ్యాయ కేసులో దిద్దిన జవాబు పత్రం సమాచార హక్కు చట్టం కింద సమాచారమేనని, పరీక్షకుడి పేరు మాత్రం చూపక్కర్లేదని తేల్చింది. డిజర్టేషన్‌పై పరీక్షకుడు రాసిన అభిప్రాయ పత్రానికీ ఇదే తర్కం వర్తించాలన్న వాదన బలమైనది. ఆ పత్రం విద్యార్థి చేతికి వస్తుందని ముందే తెలిస్తే "మంచి ప్రయత్నం, 62" అని ఒక్క గీతతో సరిపెట్టడం పరీక్షకుడికి కుదరదు. అలా ఇచ్చే విభాగాల్లో మరుసటి బ్యాచ్ ఆ వ్యాఖ్యలు చదివి సినాప్సిస్ రాస్తుంది.